ఏ గాలి పోయింది?

కడుపు కోసి కుట్టిన రోగి దగ్గరికి పొద్దున్నే వెళ్లి నర్సు అడిగే మొదటి ప్రశ్న ఏమిటో మీలో చాలామందికి తెలుసు. నొప్పి ఎలా ఉంది అని కాదు, నిద్ర పట్టిందా అని కాదు. "గాలి పోయిందా?" అని. కడుపుకు గట్టి దెబ్బ తగిలినా, కోత పడినా పేగులు అలిగి కూర్చుంటాయి. అవి అలక మాని మళ్లీ కదిలాయనడానికి మొదటి గుర్తు ఆ గాలే. పెళ్లివారి కబురు కోసం ఎదురుచూసినట్టు వార్డంతా దానికోసం ఎదురుచూస్తుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ప్రశ్న అడగాలంటే సిగ్గుతో చచ్చేదాన్ని. పుస్తకాల్లో దానికి ‘అపాన వాయువు’ అని పెద్ద పేరుంది. ఆ పేరుతో అడిగితే మన పాశమైలారం వాళ్లు పంతులుగారు పూజ మొదలుపెట్టారనుకుంటారు. ఇంట్లో అనే మాట వార్డులో అనలేం. అందుకని మా ముందు తరం సిస్టర్లు మధ్యేమార్గంగా ‘గాలి’ అన్నారు. మేమూ అన్నాం. మా తర్వాత వచ్చినవాళ్లకూ అదే నేర్పాం. ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చేదాకా ఆ మాటకు మన ఊళ్లలో ఇంకో అర్థం ఉందని ఎవరికీ తట్టలేదు. నేను పుట్టింది, పెరిగింది పోతిరెడ్డిపల్లిలో. నాకూ తట్టలేదు.

ఇప్పుడు కిష్టారెడ్డిపేటలో ఫ్లాటులో కూర్చుని, లిఫ్టు ఎందుకు పనిచేయడం లేదని వాచ్‌మన్‌తో పోట్లాడుతూ రిటైర్మెంటు గడుపుతున్నాను. నర్సింగులో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు వచ్చి ‘మీ సర్వీసులో మరిచిపోలేని కేసు ఏది మేడం’ అని అడుగుతారు. కాళ్లు చేతులు తెగినవీ, మంటల్లో కాలినవీ చెబుతానని చూస్తారు. నేను ఈ గాలి కథ చెబుతాను. మొదట మొహాలు ముడుచుకుంటారు. విన్నాక నవ్వుతారు.

మా ఆసుపత్రి పటాన్‌చెరు దాటాక హైవే పక్కనే ఉండేది. ఒకవైపు రోడ్డు మీది దెబ్బలు, ఇంకోవైపు ఫ్యాక్టరీల దెబ్బలు. మాకు ఏ పూటా పనిలేదన్న మాట లేదు. అక్కడ నేను వార్డు ఇన్‌చార్జిని. నాకు కోపం ఎక్కువని పేరు. నిజమే, ఎక్కువే. కానీ నా కోపం పాలపొంగు లాంటిది. మా దగ్గర పనిచేసే కేరళ అమ్మాయికి అది మొదట్లోనే తెలిసిపోయి, నేను అరిచినప్పుడల్లా ‘చాయ తాగుదాం చేచీ’ అని చెయ్యి పట్టుకుని లాక్కెళ్లేది. చేచి అంటే వాళ్ల భాషలో అక్క. ఆ పిల్ల వచ్చిన ఏడాదిలోనే తెలుగు బాగానే పట్టేసింది. వార్డుకు కావలసిన మాటలన్నీ నా దగ్గరే నేర్చుకుంది, ‘గాలి పోయిందా’ అన్నదాంతో సహా.

ఆ అబ్బాయిని సాయంత్రం షిఫ్టు మారే వేళ తీసుకొచ్చారు. పాశమైలారంలోనే పుట్టి, అక్కడే ఒక మందుల ఫ్యాక్టరీలో ఆపరేటరుగా చేసేవాడు. డ్యూటీ దిగి బండి మీద ఇంటికి పోతుంటే కంటైనర్ లారీ మలుపులో తోసేసింది. తొడ ఎముక విరిగి చాలా నెత్తురు పోయింది. బండి హ్యాండిల్ కడుపులో గుద్దుకుంది, కానీ పైన చూస్తే అరచేయంత కమిలిన మచ్చ, అంతే. స్కాన్‌లో పేగుల మధ్య కొంచెం నెత్తురు కనబడింది. చిల్లు ఏదీ కనబడలేదు. ముందు నెత్తురెక్కించి, తొడ సంగతి చూసి, కడుపును కనిపెట్టుకుని ఉండాలని సర్జన్ గారు నిర్ణయించారు. ఆయనది కోస్తా వైపు. మంచి చెయ్యి, మెత్తని మాట.

నెత్తురిచ్చింది ఎవరనుకున్నారు? ఆ అబ్బాయి తల్లికి ఊళ్లో కిరాయి రూములున్నాయి. ఒకప్పుడు జొన్న పండిన చేను ఫ్యాక్టరీలకు పోగా, మిగిలిన జాగాలో వరసగా కట్టిన లైన్ రూములు. వాటిలో బీహారు, ఒడిశా కుర్రాళ్లు ఉంటారు. నల్లా కట్టేయడం లేదని, రాత్రిళ్లు పాటలు పెడుతున్నారని ఆమె వాళ్లను తిట్టని రోజు లేదట. ఆ సాయంత్రం ఆ తిట్లు తినేవాళ్లే ఆటోల్లో వచ్చి, చొక్కా చేతులు మడిచి బ్లడ్‌బ్యాంకు ముందు నిలబడ్డారు. ‘మాజీ కా బేటా’, అమ్మగారి కొడుకు, అన్నారు తప్ప ఇంకో మాట లేదు.

తల్లి గురించి చెప్పాలి. భర్త పోయాక సేద్యం, రూములు, కోర్టు కేసు అన్నీ ఒంటిచేత్తో నడిపిన మనిషి. నా వయసుదే. నుదుట పెద్ద బొట్టు, నిండా కొంగు, ఎవరి ముందూ తల దించని నడక. మర్యాద తప్పి ఒక్క మాట ఆమె నోట రాదు. కిరాయివాళ్లను తిట్టినప్పుడు తప్ప, అని ఆమే చెప్పి నవ్వింది.

తొడకు రాడ్ వేశారు. నెత్తురు నిలిచింది. బతికాడు అనుకున్నాం. ఆ తర్వాతే మొదలైంది అసలు సంగతి. జ్వరం వచ్చింది, నాడి పరుగెత్తింది, ఊపిరి చిన్నదైంది. మత్తులో ఉన్నట్టు ఏదేదో మాట్లాడేవాడు. అడిగినదానికి పొంతన లేని జవాబు చెప్పేవాడు. మొహం, చేతులు ఉబ్బిపోయాయి. ఊరినుంచి చూడటానికి వచ్చిన మేనమామ ఐసీయూ అద్దంలోంచి చూసి, "ముఖం నిండింది. కోలుకున్నడు పిలగాడు" అన్నాడు. వాపును చూసి బలుపనుకోవడమంటే సామెతగానే విన్నాను అప్పటిదాకా. నాకు ఒళ్లు మండి ఏదో అనబోయాను. కేరళ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని చాయకు లాక్కెళ్లింది.

ఆ వాపు ఎక్కడినుంచి వస్తోంది? అదే ప్రశ్న. సర్జన్ గారికి మొదటినుంచీ పేగుల మీదే అనుమానం. పెద్ద దెబ్బ తగిలి నెత్తురు పోయినప్పుడు అందరం గుండె చూస్తాం, తల చూస్తాం, విరిగిన ఎముక చూస్తాం. పేగు మౌనంగా ఉంటుంది కాబట్టి దాన్ని మరిచిపోతాం. ఒళ్లంతా నిప్పంటించేది ఒక్కోసారి అదే, అని ఆయన మాకు ఎప్పుడూ చెప్పేవారు. కానీ అనుమానం ఒక్కదానితో, తొడ కుట్లు ఇంకా పచ్చిగా ఉన్న మనిషి కడుపు కోయలేరు కదా. ఛాతీలో చీము పట్టిందేమో, తొడ గాయంలో ఏమైనా ఉందేమో, వాటినీ చూడాలి. మూత్రం తగ్గిపోతోంది కనుక రంగు మందు ఎక్కించి మళ్లీ స్కాన్ తీస్తే మూత్రపిండాలు దెబ్బతింటాయని భయం. కడుపు మీద స్టెత్ పెడితే గురగుర ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

అలాంటి పొద్దున కేరళ అమ్మాయి నవ్వుమొహంతో నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. "చేచీ, గాలి పోయింది! వాళ్ల అమ్మ చెప్పారు. మంచిగా పోయిందట!"

నాకూ ప్రాణం లేచొచ్చింది. సర్జన్ గారు రౌండుకు వస్తే చెప్పాం. ఆయన మొహంలో ముడి విడింది. ఒక్క మాట మీద ఆధారపడి ఏ డాక్టరూ నిర్ణయం తీసుకోడు; కానీ తక్కెడ రెండువైపులా సమంగా ఉన్నప్పుడు చిన్న రాయి చాలు. గాలి పోతోందంటే పేగు కదులుతోంది, కదులుతోందంటే బతికే ఉంది. ‘అయితే కడుపు జోలికి ఇప్పుడే వద్దు. ముక్కు గొట్టంలోంచి కొంచెం కొంచెంగా ఆహారం మొదలుపెట్టండి. ఛాతీ సంగతి చూద్దాం’ అన్నారు. మందులు మార్చారు. మర్నాడు అడిగితే తల్లి, "ఇగ మొత్తమే పోయింది బిడ్డా" అందట. ఇంకేం కావాలి?

అబ్బాయి మాత్రం దిగజారిపోతూనే ఉన్నాడు. కడుపు బిగిసింది. పోసిన ఆహారం గొట్టంలోంచి వెనక్కి రావడం మొదలైంది. మందు మీద మందు మార్చాం. దొంగ ఎవడో తెలియక వీధి మొత్తం ఖాళీ చేయించినట్టుంది మా వ్యవహారం. వెంటిలేటరు పెట్టాల్సి రావచ్చని సర్జన్ గారు తల్లితో చెప్పారు. ఆ మాట విని బయట మేనమామ, చుట్టాలు గుమిగూడారు. సిటీలో పెద్దాసుపత్రికి తీసుకుపోదామని కొందరు, ఎట్లాగూ ఉండేలా లేడు, ఊరికి తీసుకుపోదామని కొందరు. అంబులెన్సు వాడితో మాట్లాడుతున్నారు కూడా. కదిలిస్తే దారిలోనే పోతాడని నాకు తెలుసు. ఉంచితే బతుకుతాడని చెప్పే ధైర్యం నాకు లేదు.

ఆ మధ్యాహ్నం అతని దుప్పటి నేనే మార్చాను. తల్లి పక్కనే కూర్చుని తడిగుడ్డతో కొడుకు పెదాలు తుడుస్తోంది. ఎవరితోనో కాదు, తనలో తనే మాట్లాడుకుంటున్నట్టు అంది.

"గాలి పోయింది గద సిస్టరమ్మా. మరి ఈ జరమెందుకు పోతలేదు?"

నేను దుప్పటి సర్దుతూనే, "అదే సమజైతలేదక్కా మాకు గూడ" అన్నాను.

"తాయెత్తు కట్టంగనే పోతదని ఫకీరు సాబు సెప్పిండు. కట్టిన నాడు పిలగాడు నిమ్మలంగ పండుకున్నడు. తెల్లారి గా పిల్ల అడగంగనే పోయిందని సెప్పిన. గా పిల్లకు అన్నీ తెల్సు, తాయెత్తు కట్టనిచ్చింది గూడ ఆమెనే."

దుప్పటి నా చేతిలోనే ఉండిపోయింది. మంచం కమ్మీకి చిన్న నల్ల తాయెత్తు కట్టి ఉంది. చేతికి సూదులున్నాయని, అక్కడ కట్టుకోమని కేరళ అమ్మాయే దయతలచి చెప్పింది.

"అక్కా, ఏ గాలి పోయింది?"

ఆమె నన్ను వెర్రిదాన్ని చూసినట్టు చూసింది. "ఏ గాలేంది? వాడు పడ్డ మలుపు కాడ పోయినేడు ఒకడు లారీ కింద పడి సచ్చిండు. ఆడ గాలున్నదని ఊరంత అంటరు. గదే సోకింది నా కొడుక్కు."

నవ్వొచ్చే మాటే. కానీ నాకు నవ్వు రాలేదు. కొత్తచోట జడుసుకున్న పిల్లలకు ‘గాలి తాకింది’ అని మా అమ్మ ఎన్నిసార్లు దిష్టి తీయలేదు? దయ్యం పేరు ఎత్తకూడదని మనవాళ్లు దాన్ని గాలి అంటారు. ఆ ఇంకోదాని పేరు ఎత్తకూడదని మేం దాన్ని గాలి అన్నాం. ఇద్దరి మర్యాదా కలిసి ఆ పిల్లవాడి కడుపు మీద కూర్చుంది.

సర్జన్ గారికి ఫోన్ చేశాను. కలిపిన అన్నం వదిలేసి వచ్చారు. తానే అడిగి తేల్చుకోవాలని తల్లి ముందు నిలబడి, గొంతు సవరించుకుని, "అమ్మా, మీ అబ్బాయికి... అంటే... కింది నుంచి వాయువు..." అని ఆగిపోయారు. ఎంతమంది పొట్టలో చెయ్యి పెట్టిన మనిషి, ఆ ఒక్క మాట దగ్గర చెమటలు కక్కారు. తల్లి ఆయన వంక, నా వంక మార్చి మార్చి చూసింది. కేరళ అమ్మాయికి నేను నేర్పిన మాట తప్ప వేరే మాట రాదు. ఇక మిగిలింది నేను.

"అక్కా, పిల్లగాడు పిత్తిండా?"

పక్క మంచం మీది ముసలాయన కూడా కళ్లు తెరిచాడు. ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "ఛీ, గదేం మాట సిస్టరమ్మా, ఇంతమంది ముంగట?"

"సిగ్గుపడకక్కా. నీ కొడుకు పానం గా మాట మీదనే ఉన్నది. ఒక్కపారన్న పిత్తిండా?"

కొంగు తీసింది. కొడుకు వంక చూసి, తల అడ్డంగా ఊపింది. "లేదు. పడ్డనాటి సంది ఒక్కపారి గూడ లేదు."

సర్జన్ గారు గోడకు చేరగిలబడి కళ్లు మూసుకున్నారు. తర్వాత ఒక స్టూలు లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నారు. ఆయన మీద నా గౌరవం రెట్టింపయింది అప్పుడే. తొందర ఎంత ఉందో ఆయనకే తెలుసు. అయినా ఆ తల్లికి అర్థం కాకుండా సంతకం పెట్టించుకోలేదు.

"మీకు కిరాయి రూములున్నాయట కదమ్మా?"

"ఉన్నయి సారూ. బీహారోళ్లు, ఒడిస్సోళ్లు ఉంటరు."

"మన పేగుల్లో కూడా అలాంటి కిరాయిదార్లే ఉంటారు. కంటికి కనబడని సూక్ష్మజీవులు, లెక్కపెట్టలేనంత మంది. గోడ గట్టిగా ఉన్నంతకాలం వాళ్లు మంచివాళ్లే. తిండి అరగడానికి సాయం చేస్తారు, బయటి దొంగల్ని చేరనివ్వరు. మీవాడికి దెబ్బ తగిలి నెత్తురు పోయినప్పుడు ఒళ్లు ఏం చేసిందంటే, ఉన్న నెత్తురంతా గుండెకూ మెదడుకూ పంపి పేగును ఎండగట్టింది. దాంతో గోడ బీటలు వారింది. హ్యాండిల్ గుద్దుకున్న చోట పేగుకు నెత్తురు తెచ్చే దారి కూడా తెగి ఉంటుందని నా అనుమానం. అక్కడ గోడ చచ్చిపోతోంది. లోపలివాళ్లూ, వాళ్ల విషమూ బయటికి వస్తున్నాయి. అది చూసి ఒంట్లో కాపలావాళ్లు పిచ్చెత్తినట్టు కనిపించినవాణ్నల్లా కొడుతున్నారు. ఊపిరితిత్తులకు దెబ్బలు, మూత్రపిండాలకు దెబ్బలు. ఈ వాపు, ఈ జ్వరం అదేనమ్మా."

ఆమె చేతిలోని తడిగుడ్డ మడిచి పక్కన పెట్టింది. "అంటే తప్పు కిరాయోళ్లది కాదు. గోడది."

"గోడది."

"కిరాయోళ్లనెందుకంటం సారూ, వాళ్ల నెత్తురే ఉన్నది నా కొడుకు ఒంట్ల." కళ్లు తుడుచుకుని లేచింది. "గోడ పాడైతే కూలగొట్టి కట్టాల్నంతే. కట్టుండ్రి మీరు. బయట మావోళ్లతోని నేను మాట్లాడుత."

మాట్లాడింది. ఏం మాట్లాడిందో మాకు వినబడలేదు గానీ, అంబులెన్సు వెళ్లిపోయింది.

కడుపు తెరిస్తే ఆయన అనుమానపడ్డట్టే ఉంది. పెద్ద చిల్లేమీ లేదు. జానెడు కంటే కొంచెం ఎక్కువ మేర పేగు నేరేడు పండు రంగుకు తిరిగిపోయింది. దాన్ని తీసేసి, బాగున్న రెండు కొసలూ కలిపి కుట్టారు. ఇంకొక్క పూట ఆలస్యమైతే తన చేతుల్లో ఏమీ ఉండేది కాదని ఆయన తర్వాత అన్నారు.

థియేటరు బయట బెంచీ మీద కేరళ అమ్మాయి ఏడుస్తూ కూర్చుంది. తానే తప్పు కబురు మోసానని. ఆపరేషను ముగించి వచ్చిన సర్జన్ గారు టోపీ తీసి ఆ పిల్ల పక్కనే కూలబడ్డారు. "తప్పు నీది కాదమ్మా. అందరం సిగ్గుపడి సగం మాట అడిగాం. ఆవిడ ఆ సగానికి సరైన జవాబే చెప్పింది" అన్నారు. అలా అనగలిగిన పెద్దమనిషి కింద పనిచేసినందుకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను. అరిచే పెద్దలకింద పనిచేసే పిల్లలు తప్పులు దాచిపెడతారు. అది నేను నా కోపానికి చెప్పుకున్న పాఠం కూడా. కోపం విందా అంటే, కొంచెం వింది.

మంట ఒకసారి అంటుకున్నాక కట్టె తీసేసినా వెంటనే ఆరదు కదా. వెంటిలేటరు పెట్టక తప్పలేదు. కొన్నాళ్లు అటో ఇటో అన్నట్టే ఉంది. తర్వాత మూత్రం పెరిగింది, జ్వరం దిగింది, వాపు మెల్లగా తీసింది. ఉబ్బు పోయి చెంపలు పీక్కుపోయిన మొహం చూసి మేనమామ "అయ్యో, బక్కగయిండు" అని కన్నీళ్లు పెట్టుకుంటే, తల్లి మాత్రం "గిప్పుడు నా కొడుకు లెక్క కండ్లబడుతున్నడు" అంది.

గొట్టంలోంచి మళ్లీ చుక్కచుక్కగా ఆహారం మొదలుపెట్టినప్పుడు ఆమెకు అభ్యంతరం వచ్చింది. "లంఖణం పరమౌషధం అంటరు గద. కుట్లు మానకముందే తిండేంది?" అంది. పేగు గోడ తన తిండిలో చాలా భాగం లోపలినుంచే తీసుకుంటుందని, పూర్తిగా ఎండగడితే గోడా బలహీనమవుతుందని, లోపలి కిరాయిదార్లు కూడా ఆకలికి గోడ మీది పూతే గీక్కుతింటారని చెప్పాను. "అవు, ఆకలైతే ఎవడైన ఏం జేస్తడు" అని ఒప్పుకుంది. ఇలాంటి కథల్లో చివర తల్లి దొంగచాటుగా పోసిన అంబలితో కొడుకు లేచి కూర్చుంటాడు. ఇక్కడ అలా జరగలేదు. ఆమె ఒక్క చుక్క కూడా మాకు చెప్పకుండా పోయలేదు. రోజూ వచ్చి, ఈ పూట ఎంత పోసిండ్రు అని మమ్మల్నే నిలదీసేది.

ఇక మిగిలింది ఒక్కటే. కుట్టిన చోటు అతుక్కుని పేగు కదులుతుందా లేదా. కదలకపోతే మళ్లీ కోయాలి. మళ్లీ కోస్తే తట్టుకునే శక్తి అతనికి లేదు. అది తల్లికి దాచకుండా చెప్పాను. చెప్పి, "అక్కా, ఈసారి గాలి గీలి అనకు. ఉన్న మాట ఉన్నట్టు చెప్పు" అన్నాను. ఆమె సిగ్గుపడుతూనే తలూపింది.

ఐసీయూ నుంచి గదికి మార్చాం, కమ్మీకి కట్టిన తాయెత్తుతో సహా. అసలైన ఎదురుచూపు అప్పుడు. చాయ్ తెచ్చే అతను కూడా తలుపు దగ్గర కనుబొమ్మలెగరేసి అడిగి పోయేవాడు. లైన్ రూముల కుర్రాళ్లు షిఫ్టు దిగి వచ్చి, వరండాలో నిలబడి ‘మాజీ, గ్యాస్ పాస్ హువా?’ అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు. ఆమె లేదన్నట్టు తలూపితే, చెప్పులు చప్పుడు కాకుండా మెల్లగా వెళ్లిపోయేవాళ్లు. కడుపు మెత్తగానే ఉంది. కానీ చప్పుడు లేదు. సర్జన్ గారు రోజూ పొద్దున వచ్చి, స్టెత్ పెట్టి, కేసు కాగితంలో ‘చప్పుడు లేదు’ అని రాసి పోయేవారు. ఆ నాలుగు పొద్దులూ భరించలేకపోయాను.

ఐదో పొద్దున ఆసుపత్రికి ఎవరో పెద్దలు తనిఖీకి వచ్చారు. కొత్త కర్టెన్లు, ఉతికిన కోట్లు, నా జేబులో కూడా కొత్త పెన్ను. సర్జన్ గారు వాళ్లకు వరండాలో నడుస్తూ ఏదో వివరిస్తున్నారు, మేమందరం వెనకాల చేతులు కట్టుకుని నడుస్తున్నాం. అప్పుడు చివరి గది తలుపు తటాలున తెరుచుకుంది. ఏనాడూ కొంగు జారనివ్వని ఆ మనిషి, జుట్టు ముడి ఊడి, కొంగు నేల ఊడుస్తూ బయటికి పరుగెత్తుకొచ్చింది. పెద్దలు లేరు, తనిఖీ లేదు, ఆమెకు వరండాలో నేనొక్కదాన్నే కనబడ్డాను.

"పిత్తిండు! సిస్టరమ్మా, నా కొడుకు పిత్తిండు!"

వచ్చిన పెద్దల్లో ఒకాయన చేతిలో కాగితాలు జారిపోయాయి. సర్జన్ గారు ఆయన్ను అక్కడే వదిలేసి గదిలోకి ఉరికారు. నేనూ ఉరికాను. మంచం మీద ఆ అబ్బాయి, పడ్డ తర్వాత మొదటిసారి సిగ్గుతో, దుప్పటి మొహం మీదికి లాక్కుంటున్నాడు. సిగ్గుపడటమంటే స్పృహ సరిగ్గా వచ్చినట్టే. సర్జన్ గారు కడుపు మీద స్టెత్ పెట్టి, ఎంతసేపో విని, "పిట్ట కొంచెం కూత ఘనం" అన్నారు. అంతే, ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి.

కేరళ అమ్మాయి నా భుజం పట్టుకుని, "చేచీ, ఆ మాట నాకు మళ్లీ చెప్పండి. నేర్చుకోవాలి" అంది. తల్లే చెప్పింది, అక్షరం అక్షరం విడదీసి, ఆ పిల్ల గడ్డం పట్టుకుని. ఆ పిల్ల ఇప్పుడు ఆ వార్డుకు ఇన్‌చార్జి. కొత్తగా వచ్చినవాళ్లకు మొదటిరోజే ఆ మాట నేర్పుతుందట, ఎవరు మొహం ముడుచుకున్నా సరే.

నా ముప్పై చిల్లర ఏళ్ల ఉద్యోగంలో సన్మానాలు జరిగాయి, శాలువాలు కప్పారు. ఏ శాలువా ఎక్కడుందో గుర్తులేదు. ఆ పొద్దు ఆమె మంచం కమ్మీకి కట్టిన తాయెత్తు విప్పి, కళ్లకద్దుకుని, నా అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది. అది ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

"రెండు గాలులు పోయినయి సిస్టరమ్మా" అంది. "ఒకటి ఫకీరు సాబు పోగొట్టిండు. ఒకటి మీరు రప్పిచ్చిండ్రు."